గీతపిల్లల ప్రయాణం ఎన్ని గంటలు

గుడ్లు పొదిగించే హేచరీలో ఆవిడను అందరూ గంటలక్క అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది కానీ ఆ పేరుతో పిలిస్తే, ఇంకెవరినో పిలుస్తున్నారేమోనని ఆవిడే వెనక్కి తిరిగి చూస్తుంది. కోడిపిల్ల వయసు మొదటి మూడు రోజులూ గంటల్లోనే లెక్కపెట్టాలి. ముప్పై రెండేళ్ళుగా అదే పని చేసిన నోటికి రోజులూ వారాలూ అలవాటు తప్పిపోయాయి. ప్యాకింగులో పనిచేసే అమ్మాయికి బిడ్డ పుడితే, చూడటానికి వెళ్ళినవాళ్ళంతా తల్లి పోలికా తండ్రి పోలికా అని తగువు పడుతున్నారట. ఈవిడ మంచం పక్కన నిలబడి "ముప్పై ఆరు గంటల పిల్ల. సరిగ్గా కళ్ళే తెరవలేదు, దానికప్పుడే పోలికలేంటి?" అందట. మొగుడు అలిగినా అదే లెక్క. పంతొమ్మిది గంటలైంది, ఇరవై నాలుగు దాటడు లెండి, అని ఇరుగుపొరుగుకు ధైర్యం చెబుతుంది.

నేను వాళ్ళ వీధి చివర ఉంటాను. పగిలిన గుడ్ల పెంకులు నా కుండీలకు మంచి ఎరువు కాబట్టి వారానికోసారి సంచీ పట్టుకుని హేచరీకి వెళ్తాను. గీతపిల్లల సంగతి అలా మూడు సంచీల పెంకులంతసేపు విన్నాను. మొదటి రెండుసార్లు ఆవిడ చెప్పింది, మూడోసారి వాళ్ళాయన చెప్పాడు. ఇద్దరూ చెప్పినవి ఒకదానితో ఒకటి సరిపోయాయి. ఆ ఇంట్లో అది అరుదు.

హేచరీ అంటే రేకుల కప్పు ఉన్న పొడవాటి కట్టడం. గుమ్మంలో ఊదారంగు మందునీళ్ళ తొట్టి ఉంటుంది, ఎంతటివాడైనా అందులో చెప్పులు ముంచి లోపలికి రావాలి. మొదటి గదిలో పెద్ద బీరువాల్లాంటి మిషన్లు. వాటిలో గుడ్లు పద్దెనిమిది రోజులు గంటగంటకూ అటూ ఇటూ ఒరుగుతూ ఉంటాయి. తర్వాత వాటిని రెండో గదిలోని హేచర్లోకి మారుస్తారు. ఇరవై ఒకటో రోజుకి పిల్లలు అక్కడ బయటికి వస్తాయి. మూడో గదిలో గంటలక్క బల్ల. బల్ల మీద కంటిదాకా వంచుకున్న దీపం, ఎడమవైపు ఒక తొట్టి, కుడివైపు ఒక తొట్టి. పిల్లను ఎడంచేత్తో పట్టి, తిప్పి, ఒక చూపు చూసి వదిలేస్తుంది. ఆడది ఎడమకి, మగది కుడికి. మనం ఒక తుమ్ము తుమ్మేలోపు నాలుగు పిల్లల జాతకం తేలిపోతుంది.

ఈ విద్య ఆవిడకు ఎవరూ నేర్పలేదు. పందొమ్మిదేళ్ళప్పుడు ఊడ్చే పనికి చేరింది. అప్పట్లో ఆడా మగా వేరుచేయడానికి బయటినుంచి ఒక నిపుణుడు వచ్చేవాడు. ఆయన పనివాళ్ళకి వీపు చూపించి కూర్చునేవాడట, విద్య ఎవరైనా ఎత్తుకుపోతారని. ఎదురుగా హేచర్ స్టీలు తలుపు అద్దంలా మెరుస్తోందన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఈవిడ మూడు వారాలు ఆ తలుపును తుడుస్తూనే ఉంది. హేచరీ మొత్తంలో అంత శుభ్రమైన తలుపు ఇంకోటి లేదని యజమాని, అంటే పెద్దసారు, మెచ్చుకున్నాడు కూడా. అద్దంలో చూసి నేర్చుకుంది కాబట్టి విద్యంతా తిరగబడి వచ్చింది. లోకంలో ఈ పని చేసేవాళ్ళు కుడిచేత్తో పడతారు, ఈవిడ ఎడమ. వాళ్ళ తొట్లు ఒకలా ఉంటే ఈవిడవి అటుదిటు. సెలవు పెడితే ఆ బల్ల దగ్గర ఇంకెవరూ కూర్చోలేరు. అందుకే ఆవిడకు సెలవు దొరకదు.

ఆ చూపుకి చిక్కినవే గీతపిల్లలు. పదకొండేళ్ళ కిందట ఒక బుట్టలో నడుం మీద మూడు ముదురు గోధుమరంగు గీతలున్న పిల్లలు నాలుగు కనిపించాయట. ఊరికే ముచ్చటపడి పక్కన పెట్టింది. అవి పెద్దవై, ఎండలు మండిపోయే రోజుల్లో మిగతా కోళ్ళన్నీ నోళ్ళు తెరుచుకుని గుడ్లు మానేస్తే, ఇవి మాత్రం ఏమీ పట్టనట్టు పెడుతూనే ఉన్నాయి. ఒకదాన్నొకటి పొడుచుకోవడం కూడా తక్కువ. అప్పటినుంచీ గీత ఉన్నదాన్ని ఏరడం, జత కలపడం, మళ్ళీ ఏరడం. పెద్దసారు వాటికి ఆవరణ చివరి షెడ్డు ఇచ్చాడు. ఇచ్చాడంటే, అడ్డు చెప్పలేదు అంతే. ఏడాదికోసారి ఆ షెడ్డు ఖాళీ చేయించి బాగా అమ్ముడుపోయే కంపెనీ జాతి పిల్లలు వేద్దామా అని అడిగేవాడు. ఏడాదికోసారి ఈవిడకి ఆ రోజే చెవి సరిగా వినపడేది కాదు.

అలాంటప్పుడు ఆ ఉత్తరం వచ్చింది. ఎక్కడో భూగోళానికి అవతలివైపు, బాగా ఎండలుండే చోట కోళ్ళఫారం నడిపే ఒకావిడ రాసింది. ఎండకి తట్టుకునే పిల్లలు మీ దగ్గర ఉన్నాయని విన్నాను, రెండు వేలు విమానంలో పంపగలరా అని. హేచరీ పుట్టాక అంత దూరంనుంచి ఉత్తరం రావడం అదే మొదలు. పెద్దసారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, గంటలక్కను పిలిచి, మాట దాచకుండా చెప్పాడు. ఇవి అక్కడికి ప్రాణాలతో చేరితే చివరి షెడ్డు నీది, మళ్ళీ అడగను. సగం చచ్చి చేరితే మాత్రం, అమ్మాయ్, ఆ షెడ్డు కంపెనీ పిల్లలకి ఇచ్చేస్తాను, అప్పుడు నీకు చెవి వినపడినా పడకపోయినా ఒకటే.

కోడిపిల్ల గుడ్డులోంచి వచ్చేటప్పుడు మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాక్కుని వస్తుంది. ఆ చద్దిమూట మీద తిండీ నీళ్ళూ లేకుండా డెబ్భై రెండు గంటలు బతకగలదు. అందుకే దాన్ని అట్టపెట్టెలో పెట్టి అంత దూరం పంపడం వీలవుతుంది. డెబ్భై రెండు దాటితే ఒక్కొక్కటే వాలిపోతుంది. కాబట్టి అసలు ప్రశ్న ఒక్కటే: ఇక్కడి విమానాశ్రయం నుంచి అక్కడి విమానాశ్రయానికి ఎంతసేపు?

ఆ ప్రశ్న అల్లుడుగారి చేతికి వెళ్ళింది. అల్లుడుగారంటే పెద్దసారు అల్లుడు, ఆఫీసు గది ఆయనది. మంచివాడు. చొక్కా నలగదు. ఏది దొరికినా ప్రింటు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటాడు. ఆయన కంప్యూటర్లో ఒక పేజీ తెరిచాడు. అందులో రెండు గళ్ళు ఉంటాయి, ఒకదానిలో ఈ విమానాశ్రయం, రెండోదానిలో ఆ విమానాశ్రయం కొట్టి మీట నొక్కితే, నీలం సముద్రం మీద ఎర్రగీత ఒకటి విల్లులా వంగి కనపడుతుంది. కింద దూరం పద్నాలుగు వేల రెండు వందల కిలోమీటర్లు, సమయం పదిహేడు గంటల పన్నెండు నిమిషాలు. ప్రింటు తీశాడు, కవర్లో పెట్టాడు, మందునీళ్ళలో బూట్లు ముంచి మూడో గదికొచ్చి చదివి వినిపించాడు. పదిహేడు గంటలే, ఇంక భయమేముందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

గంటలక్క చేతిలో పిల్లను ఎడమకి వదిలి, ఆ పన్నెండు నిమిషాలు దేనికని అడిగింది. అంత కచ్చితంగా చెబుతోందంటే నమ్మొచ్చని అల్లుడుగారు చెప్పాడు.

"నమ్ముతాను బాబూ. ఆ విమానం ఏ రోజుల్లో బయల్దేరుతుందో చూసి, మా పిల్లలకి చోటు పట్టిపెట్టు."

అల్లుడుగారు ఉత్సాహంగా వెళ్ళాడు. పొద్దున వెళ్ళినవాడు మధ్యాహ్నం భోజనాల వేళకు కూడా బయటికి రాలేదు. టీ ఇవ్వడానికి వెళ్ళిన మనిషి చెప్పింది, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంటున్నాడని. ఆ విమానం ఏ రోజూ లేదు. ఎప్పుడూ లేదు. ఆ పేజీ చెప్పింది ఒక గీత పొడవు. ఆ గీత మీద ఎక్కడా ఆగకుండా ఒక విమానం తిన్నగా పోతే ఎంతసేపు అన్నది దాని లెక్క. అలా పోయే విమానాన్ని మాత్రం ఎవరూ నడపడం లేదు. సాయంత్రం ఆయన వచ్చి ఆ ముక్క చెబితే గంటలక్క నవ్వలేదు. నవ్వకుండా "పోనీలే బాబూ, మనకి మాత్రం తెలుసా ఎక్కేదాకా" అంది. ఆ నవ్వకపోవడమే ఎక్కువ గుచ్చుకుందని వాళ్ళాయన అంటాడు.

వాళ్ళాయన హేచరీ వ్యాను డ్రైవరు. పిల్లల పెట్టెలు ఎక్కించుకుని ఊళ్ళు తిరుగుతాడు. పెళ్ళాన్ని గంటలమ్మగారూ అని పిలుస్తాడు, కోపం వస్తే మాత్రం ఏమే అంటాడు. దారుల సంగతి ఆయనకి తెలుసు కాబట్టి మ్యాపులో చూసిన దూరానికీ నడిచే బండికీ ఉన్న సంబంధం గురించి అల్లుడుగారికి చాలా చెప్పబోయాడు. ఆయన విన్నాడో లేదో.

రెండు రోజులకి అసలు దారి దొరికింది. మూడు విమానాలు, మధ్యలో రెండుచోట్ల ఆగడం. మంగళవారం పొద్దున ఎనిమిదికి ఇక్కడ బయల్దేరి, బుధవారం మధ్యాహ్నం రెండింటికి అక్కడ దిగుతుంది. అల్లుడుగారు ఈసారి వేళ్ళ మీద కూడా లెక్కపెట్టుకుని వచ్చాడు. ఎనిమిది నుంచి ఎనిమిదికి ఇరవై నాలుగు, ఇంకో ఆరు, మొత్తం ముప్పై గంటలు.

గంటలక్క కాగితం తీసుకుని చూసింది. మొదటి విమానం ఐదు గంటలు, ఆగేది ఏడు, రెండోది పదమూడు, ఆగేది ఆరు, మూడోది ఎనిమిది. కూడితే ముప్పై తొమ్మిది వచ్చింది. మళ్ళీ కూడింది. అదే వచ్చింది. మిగతా తొమ్మిది గంటలు దారిలో ఏ పిల్ల మింగిందని అడిగింది. అల్లుడుగారు టికెట్టు కాగితం మళ్ళీ చూసి, అక్కడి గడియారం మనకన్నా తొమ్మిది గంటలు వెనక నడుస్తుందని ఒప్పుకున్నాడు. టికెట్టు మీద దిగే టైము అక్కడిది, ఎక్కే టైము ఇక్కడిది.

"కోడిపిల్ల పొట్టకి ఏ దేశం గడియారమూ తెలీదు బాబూ" అంది గంటలక్క. "దానికి తెలిసింది ఒక్కటే, లోపల సొన ఎంత మిగిలిందని."

అక్కడినుంచి ఇద్దరూ కూర్చుని బుద్ధిగా లెక్క వేశారు. హేచర్లోంచి ట్రేలు బయటికి తీశాక ఆడా మగా వేరుచేసి, టీకాలు వేసి, పెట్టెల్లో పెట్టడానికి ఆరు గంటలు. వ్యానులో మూడు. విమానాశ్రయంలో ముందుగా అప్పగించాలి, అక్కడ ఐదు. విమానాల దారి ముప్పై తొమ్మిది. దిగాక కాగితాలకి నాలుగు, ఫారానికి చేరడానికి ఐదు. మొత్తం అరవై రెండు. డెబ్భై రెండుకి ఇంకా పది గంటలు చేతిలో ఉన్నాయి. అల్లుడుగారు పెన్ను మూత పెట్టేశాడు. పెద్దసారు జవాబు రాయించేశాడు, ఫలానా మంగళవారం బయల్దేరుతున్నాయని.

గంటలక్క మాత్రం ఆ రోజు ఇంటికి నడిచే బయల్దేరింది. వ్యాను ఆపి ఎక్కమంటే ఎక్కలేదు. వాళ్ళాయన వ్యానును ఆవిడ పక్కనే నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చాడట, వెనక హారన్లు మోగుతున్నా. ఇంటికొచ్చి చెప్పులు విప్పాక బయటపెట్టింది.

"ఆఫీసులో పిల్ల ఎప్పుడు పుడుతుందో తెలుసా? ట్రే బయటికి లాగినప్పుడు. మా దగ్గర గుడ్డు పగిలినప్పుడు పుడుతుంది. ఈ రెంటికీ మధ్య ముప్పై గంటలు ఉంటాయి."

సంగతేమిటంటే, ఒకే రోజు పెట్టిన గుడ్లయినా అన్నీ ఒకేసారి పగలవు. తొందరపడేవి ముందురోజు మధ్యాహ్నమే పగులుతాయి. నిదానస్తులు మర్నాడు సాయంత్రందాకా లోపలే కూర్చుంటారు. మొత్తం వచ్చేశాక ట్రే లాగితే, అందులో ముప్పై గంటల పిల్లా ఉంటుంది, ఇంకా మెడవెనక తడి ఆరని పిల్లా ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళకి పంపేటప్పుడు ఈ తేడా ఎవరికీ పట్టలేదు, అందుకని ఆఫీసు లెక్కల్లో అన్ని పిల్లలూ ట్రే లాగిన గంటకే పుట్టినట్టు రాసుకోవడం అలవాటైపోయింది. ఇప్పుడు ముందు పుట్టిన పిల్లకి అరవై రెండుతో ముప్పై కలిపితే తొంభై రెండు. అవి పెట్టెలోనే పోతాయి.

మర్నాడు పెద్దసారుకి చెప్పింది. ఆయన విన్నాడు. కానీ ముప్పై ఏళ్ళుగా ట్రే లాగిన గంటే పుట్టిన గంట అని రాసుకున్న మనిషికి, ఒక పూటలో అది తప్పని తలకెక్కడం కష్టం. చేతిలో పది గంటలున్నాయి కదమ్మాయ్, జవాబు వెళ్ళిపోయింది, ఇంక కొత్త పేచీలు పెట్టకు అన్నాడు. గంటలక్కకి ఆ క్షణంనుంచీ మళ్ళీ చెవి వినపడటం మానేసింది.

గుడ్లు పెట్టే రోజున రెండు వేల పిల్లలకి రెండు వేల ఆరు వందల గుడ్లు చాలు. మిషన్లో ఐదు వేల ఆరు వందలు ఎక్కాయి. అన్నీ చివరి షెడ్డువే, వారం రోజులుగా బయటికి పోనివ్వకుండా దాచినవి. ఇన్నెందుకక్కా అని అల్లుడుగారు అడిగాడు. మిషను సగం ఖాళీగా ఉంటే వేడి సమానంగా తిరగదు బాబూ అంది. అది నిజమే. నిజమైన మాట చెప్పి అసలు మాట దాచడంలో ఆవిడకి మంచి చేయి ఉందని వాళ్ళాయన నాతో అన్నాడు. అంటున్నప్పుడు ఆయన గొంతులో గర్వం ఉంది.

ఇరవై ఒక్క రోజులు అయ్యాయి. సోమవారం సాయంత్రం ఆరింటికి ట్రేలు లాగాలని ఆఫీసు కాగితం. పొద్దున పదింటికి, అల్లుడుగారు పెట్టెల మీద అంటించే చీటీలు ప్రింటు తీస్తున్న సమయంలో, గంటలక్క హేచర్ తలుపు తెరిచింది. అప్పటికే బయటికొచ్చి, పొడిగా మెరుస్తూ, మేమే పెద్దవాళ్ళమన్నట్టు గట్టిగా అరుస్తున్న పిల్లలన్నిటినీ ట్రేలలోంచి ఏరేసింది. రెండు వేల ఏడు వందలు. వాళ్ళాయన వాటిని గుడ్డ కప్పిన బుట్టల్లో పెట్టుకుని వెనక గుమ్మంలోంచి చివరి షెడ్డుకి పదకొండు దఫాలుగా మోశాడు. నాలుగోసారి దారిలో పెద్దసారు ఎదురుపడి, బుట్టలో ఏంటని అడిగాడట. పిల్లలండీ అన్నాడు ఈయన. హేచరీలో పిల్లలు కాక ఏముంటాయని పెద్దసారు వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆరింటికి అల్లుడుగారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి నిలబడగా ట్రేలు బయటికొచ్చాయి. ట్రేలలో ఉన్నవన్నీ ఎనిమిది గంటల లోపువే. కొన్నింటికి ఈకలు ఇంకా ఒంటికి అంటుకుని ఉన్నాయి. చూడటానికి ఏమంత ఘనంగా లేవు. అల్లుడుగారి మొహం చిన్నబోయింది. ఫొటో తీద్దామని వచ్చాడు పాపం. ఇవి ఇలా తడిగా ఉన్నాయేంటక్కా అన్నాడు.

"స్నానం చేయించాను బాబూ. ఫారిన్ ప్రయాణం కదా."

ఆయన నమ్మాడా అని నేను అడిగాను. ఒక అరనిమిషం నమ్మాడని చెప్పింది. తర్వాత ఏదో అడగబోయేలోపు టీకా సూది ఆయన చేతికిచ్చి పట్టుకోమందట, దాంతో వెనక్కి తగ్గాడు. అర్ధరాత్రికల్లా పెట్టెలు సిద్ధం. పెట్టెకి వంద, ఇరవై పెట్టెలు, దారిలో పోయేవాటి కోసం పెట్టెకి రెండేసి అదనం. మొత్తం రెండు వేల నలభై. వ్యాను బయల్దేరుతుంటే వాళ్ళాయన, ఏమైనా చెప్పాలా వాటికి అని అడిగాడు. గుంతల్లో నెమ్మదిగా పోనివ్వమని ఆయనకే చెప్పింది.

ఆ పిల్లల్లో ఒక ఇరవై మాత్రం వ్యాను ఎక్కలేదు. వాటిని అలాంటి పెట్టెలోనే పెట్టి, తన బల్ల కింద ఉంచుకుంది. తిండి లేదు, నీళ్ళు లేవు, అక్కడి వాటికి ఎలాగో వీటికీ అలాగే. ఇవి తట్టుకుంటే అవీ తట్టుకున్నట్టే. మంగళవారమంతా ఒక చేత్తో పని చేస్తూనే గంటగంటకీ వంగి వింటోంది. పిల్లల అరుపును బట్టి చలా, ఉక్కా, ఆకలా అన్నది ఆవిడకి తెలుస్తుంది. మంగళవారం అవి మామూలుగానే ఉన్నాయి. బుధవారం పొద్దుటికి గొంతులో సన్నని జీర మొదలైంది. చేతికి అందేంత దూరంలో నీళ్ళ గిన్నె ఉంది. రెండుసార్లు పట్టుకుని రెండుసార్లు పెట్టేశానని చెప్పింది. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ పెంకుల సంచీ వైపు చూస్తూ చెప్పింది.

బుధవారం మధ్యాహ్నం పెద్దసారు మూడో గదికి వచ్చి, బల్ల కిందినుంచి వస్తున్న కిచకిచలు విన్నాడు. ఇవేంటమ్మాయ్ అన్నాడు.

"ఇవి కూడా ప్రయాణంలో ఉన్నాయి సార్. రెండో విమానం దిగి మూడోదాని కోసం కూర్చున్నాయి."

పెద్దసారు వంగి పెట్టె మూత ఎత్తి చూశాడు. మెడవెనక తడి ఆనవాళ్ళు చూసిన కళ్ళే ఆయనవి కూడా, ఆఫీసుకి పోకముందు ఆయనా హేచర్ల దగ్గర నిలబడ్డవాడే. ఇవన్నీ ఒకే వయసులో ఉన్నాయేంటి అని అడిగాడు. ఆపైన ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఇద్దరూ కలిసి చివరి షెడ్డుకి నడిచారు. తలుపు తీయగానే రెండు వేల ఏడు వందల పిల్లలు, దాణా మీదినుంచి తలలెత్తి చూశాయి. పెద్దసారు గుమ్మంలో నిలబడి, ఒకదాని మీదొకటి ఎక్కుతున్న వాటిని చూశాడు. ఎవరు మోశారని అడిగాడు. చెప్పింది. పిల్లలండీ అన్నాడు వాడు నాతో, అని గొణుక్కున్నాడు. తర్వాత, రేపు ఎనిమిదికి చూద్దాం అని వెళ్ళిపోయాడు. ఆ మాటలో కోపం ఎంత ఉందో కొలవడానికి వాళ్ళాయనా ఆవిడా ఆ రాత్రంతా వాదించుకున్నారు. ఆయన సగం అన్నాడు. ఆవిడ మొత్తం అంది.

గురువారం ఎనిమిదింటికి అక్కడ బుధవారం రాత్రి పదకొండు. ఆఫీసు గదిలో పెద్దసారు కుర్చీలో, అల్లుడుగారు కంప్యూటరు ముందు, గుమ్మంలో గంటలక్క, ఆవిడ చంకలో ఇరవై పిల్లల పెట్టె. ఎనిమిదైంది. పావు దాటింది. ఇక ఆగలేక పెట్టెను నేల మీద పెట్టి, నీళ్ళ గిన్నె తెచ్చి, మూత తీసింది. పంతొమ్మిది లేచి నీళ్ళ దగ్గరికి నడిచాయి. ఒకటి లేవలేదు. దాన్ని చేతిలోకి తీసుకుని ముక్కును నీళ్ళలో ముంచుతున్నప్పుడు కంప్యూటరు మోగింది.

అల్లుడుగారు చదివాడు. పెట్టెలు విప్పాం. రెండు వేల నలభైలో చనిపోయినవి తొమ్మిది. మిగతావి నీళ్ళు తాగుతున్నాయి.

ఆయన తొమ్మిది అన్న మాటను మూడుసార్లు చదివాడట, ప్రతిసారీ అది తొంభయ్యో తొమ్మిది వందలో అవుతుందేమోనన్నట్టు. తర్వాత ఆ అవతలావిడే వీడియోలో ఫోను చేసింది. తెర మీద పసుపురంగు కదులుతోంది తప్ప ఏదీ సరిగా కనపడలేదు. గంటలక్క చూడలేదు కూడా. కళ్ళు మూసుకుని ఫోను దగ్గర చెవి పెట్టింది. అవతలావిడ ఏదో మాట్లాడుతుంటే చెయ్యెత్తి ఆపమంది.

ఎడమవైపు వెచ్చదనం కోసం పెట్టిన దీపం బాగా కిందికి ఉందని చెప్పమంది. అటు పిల్లలు ఉక్కకి అరుస్తున్నాయని, ఒక జానెడు పైకి ఎత్తమని. అల్లుడుగారు ఇంగ్లీషులో చెప్పాడు. అవతలావిడ తెరలోంచి పక్కకి తప్పుకుంది, ఏదో లాగిన చప్పుడైంది, కాసేపటికి అరుపులు సద్దుమణిగాయి. మీకెలా తెలిసిందని ఆవిడ అక్కడినుంచి అడిగింది. అల్లుడుగారు గంటలక్క వైపు తిరిగి చూశాడు. మా అక్కకి తెలుస్తుంది అన్నాడు.

పెద్దసారు అప్పుడు నోరు విప్పాడు. చివరి షెడ్డు గంటలక్కదే. దాంట్లో రెండు వేల ఏడు వందలు పట్టవు, నిన్న కళ్ళారా చూశాడు, ఒకదాని మీదొకటి ఉన్నాయి. ఈదురుగాలి తగలని, వెచ్చగా ఉండే గది ఇంకొకటి కావాలి. అలాంటిది ఆవరణ మొత్తంలో ఒక్కటే ఉంది, అందరూ నిలబడి ఉన్న ఆ ఆఫీసు గది. అల్లుడుగారు మామగారి మొహంలోకి చూశాడు. అది వేళాకోళం కాదని అర్థమయ్యాక, కవర్లన్నీ సర్దుకోవడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నానికల్లా నేల మీద ఊక పరిచి, వెయ్యి పిల్లల్ని అందులోకి మార్చారు. అల్లుడుగారి బల్ల వరండాలోకి వచ్చింది. కిటికీలోంచి తీగ లాగి కంప్యూటరు పెట్టుకున్నాడు. ఆ రోజు సాయంత్రం అవతలావిడ రెండో ఆర్డరు పంపింది, ఈసారి ఐదు వేలు. పెద్దసారు ఆ కాగితాన్ని చూసి, దీనికి జవాబు గంటలక్కే చెప్పాలన్నాడు. ఆవిడ వరండా గట్టు మీద కూర్చుని చెబుతుంటే అల్లుడుగారు టైపు చేశాడు. మొన్న ఎక్కించిన మూడు విమానాలే ఎక్కిస్తాం. మా దగ్గర చివర పుట్టినవే పంపుతాం. దీపాలు ముందే వెలిగించి, నీళ్ళు పోసి ఉంచండి.

"వాళ్ళ విమానాశ్రయంలో కాగితాలకి నాలుగు గంటలు కూర్చోబెడితే ఇకమీదట కుదరదని రాయి" అంది. "రెండున్నర దాటకూడదని."

"అలా రాస్తే బాగుండదేమో అక్కా. వాళ్ళు గవర్నమెంటువాళ్ళు."

"మర్యాదగానే రాయి బాబూ. ఎన్ని దండాలు కావాలంటే అన్ని పెట్టు. కానీ కుదరదనే రాయి."

అల్లుడుగారు కీబోర్డు దగ్గరికి లాక్కుని, దండాలు టైపు చేయడం మొదలుపెట్టాడు.